వదులు ఎక్కడ పెట్టాలి? బిగుతు ఆది నుంచి వేసవి టాప్ దాకా

ఒంటికి అతికినట్టుండే జాకెట్టు ఆది నుంచో, సైజుకు సరిపోయే కుర్తీ ప్యాటర్న్ నుంచో గాలాడే వేసవి టాప్ తీయడం పైకి చిన్న పనే అనిపిస్తుంది. చుట్టుకొలతకు నాలుగంగుళాలు కలిపి కోస్తే అయిపోతుందనుకునేవారే ఎక్కువ. అలా కోసిన టాప్ భుజాల మీంచి జారుతుంది, మెడ వెడల్పవుతుంది, చంకల కింద గుడ్డ పోగుపడుతుంది. కింద మాత్రం ఆశించిన ఊపు రాదు. కలపాల్సిన వదులు ఎంతో తేల్చడం తేలిక. దాన్ని పక్క కుట్టులో పెట్టాలా, డాట్ మూసి కింద తెరవాలా, యోక్ కింద కుచ్చులుగా పట్టాలా, గుడ్డనే క్రాస్‌గా తిప్పాలా అన్న దగ్గరే దర్జీలు, పాఠ్యపుస్తకాలు, ఫ్యాషన్ కళాశాలలు తలో దారి పడతాయి.

ఈ తగువు తేల్చుకోవడానికి రేణిగుంట అనువైన చోటు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. జంక్షన్ నుంచి గూడూరు వైపు లైనులో శ్రీకాళహస్తి, వెంకటగిరి ఉన్నాయి. అరక్కోణం వైపు లైనులో పుత్తూరు, నగరి ఉన్నాయి. శ్రీకాళహస్తిది కలంతో గీసిన కలంకారీ, వెంకటగిరిది జరీ అంచు సన్న నేత, పుత్తూరు నగరి ప్రాంతాలవి మరమగ్గాలు. వీటికి తోడు బజారులో మీటర్ల లెక్కన దొరికే రేయాన్. ఒకే ప్యాటర్న్‌ను ఈ గుడ్డల మీద వేసి కోస్తే వచ్చే టాప్‌లు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. పద్ధతుల మధ్య నడిచే వాదనల్లో సగం ఈ గుడ్డల తేడాలోంచే పుట్టాయి. ఒక్కో పద్ధతిని సమర్థించేవారు ఒక్కో గుడ్డను మనసులో పెట్టుకుని మాట్లాడతారు.

ఆది, కాగితం, చదరపు ముక్క

తెలుగునాట ఆడవారి దుస్తులకు ప్యాటర్న్ అంటే చాలాకాలం ఆది జాకెట్టే. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టును దర్జీకి ఇస్తే, దాన్ని గుడ్డ మీద పరిచి, చాక్‌పీసుతో గీసి, కుట్టుకు కావలసినంత వదిలి కోస్తాడు. కాగితం అవసరం లేదు, లెక్క అవసరం లేదు. జాకెట్టుకు జాకెట్టు కుట్టడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు. కుట్టేసిన బట్ట తన కొలతను చెబుతుంది కానీ తన కటింగ్‌ను పూర్తిగా చెప్పదు. డాట్ లోపల ఎంత గుడ్డ మడతపడిందో, చంక వంపు ఏ రేఖ మీద తిరిగిందో విప్పి చూస్తే తప్ప తెలియదు. రూపం మార్చాలంటే తెలియాల్సింది సరిగ్గా అదే. ఆది పట్టుకుని వదులు టాప్ కుట్టమంటే చాలామంది దర్జీలు చుట్టూ సమానంగా పెంచేయడానికి కారణం నేర్పు లేకపోవడం కాదు. వాళ్ల చేతిలో ఉన్న ఆధారం అంతవరకే చెబుతుంది.

కాగితపు ప్యాటర్న్ వేరే దారిలో వచ్చింది. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ 1863లో సైజులవారీ కాగితపు ప్యాటర్న్‌లు అమ్మకానికి పెట్టాడు. కుట్టుమిషన్ ఇళ్లలోకి చేరుతున్న రోజులవి. మన దగ్గర మిషన్ వచ్చింది, రెడీమేడ్ ప్యాటర్న్ మాత్రం పెద్దగా రాలేదు. వీధి మలుపులోనే దర్జీ ఉన్నప్పుడు కాగితం కొనాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. ఆ స్థానాన్ని కొలతలతో డ్రాఫ్టు గీసే పద్ధతి తీసుకుంది. దేశమంతటా దర్జీలు వాడిన జరాప్కర్ పుస్తకం, ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే టైలరింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు, ఐటీఐల్లోని కుట్టుపని కోర్సు, ఇవన్నీ ఆ దారిలోవే. ఛాతీ కొలతలో నాలుగో వంతు, ఆరో వంతు అంటూ భాగాలు తీసి, ప్రతి దుస్తుకూ కొత్తగా గీయడం వీటి తీరు.

1986లో ఢిల్లీలో ఫ్యాషన్ కళాశాల నిఫ్ట్ ఏర్పడ్డాక, తర్వాత హైదరాబాద్‌లోనూ కేంద్రం వచ్చాక, ఇంకో అలవాటు బలపడింది. ముందు ఒంటికి అమరే మూల ప్యాటర్న్ ఒకటి తయారుచేసి, ఏ దుస్తు కావాలన్నా దాన్ని కోసి, తిప్పి, విప్పి తీయడమే ఆ అలవాటు. 1987లో వెలువడిన హెలెన్ జోసెఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్ పాఠ్యపుస్తకం ఈ పని మొత్తాన్ని మూడు సూత్రాల కింద పెట్టింది. డాట్‌ను చోటు మార్చడం, గుడ్డ నిండుదనం పెంచడం, ఒంటి వంపులకు లోతుగా అమర్చడం. వేసవి టాప్‌కు కావలసినవి మొదటి రెండే. మూడోదాన్ని కావాలనే వదిలేయాలి.

ఈ రెంటికన్నా పాతది లాల్చీ, జుబ్బాల కటింగ్. ఒంటికి నిలువు ముక్క, పక్కలకు కలీలు, చంకలో చిన్న చదరపు ముక్క, అన్నీ సరళరేఖలే. 1973లో కెనడాకు చెందిన డొరతీ బర్న్‌హమ్ ‘కట్ మై కోట్’ అనే చిన్న పుస్తకంలో సంప్రదాయ దుస్తుల కటింగ్‌ను మగ్గం మీది గుడ్డ వెడల్పే నడిపిస్తుందని చూపింది. ఎండ దేశాల్లో ఇలాంటి కటింగ్ ఎందుకు నిలిచిందో అర్థం చేసుకోవడానికి అది ఇప్పటికీ పనికొస్తుంది. ప్యాటర్న్ మార్చడం గురించి రాసే నేటి పుస్తకాలు ఈ మూడో దారిని జానపద కళగా చూసి పక్కన పెట్టడం పొరపాటే.

కదపకూడని చోటు

మూడు దారులవారూ ఏకీభవించే మాట ఒకటుంది. టాప్ ఎంత వదులైనా భుజం మీద కూర్చోవాలి. మెడ చుట్టు, భుజం పొడవు, వెనుక వీపు వెడల్పు మూల ప్యాటర్న్‌లో ఉన్నట్టే ఉంచి, వదులు అక్కడి నుంచి కిందికి పెంచుకుంటూ పోవాలి. ఒక సైజు పెద్ద ప్యాటర్న్ తీసుకుంటే చాలన్న సలహా నిలవనిది ఇందుకే. పెద్ద సైజులో ఛాతీతో పాటు మెడా, భుజమూ పెరుగుతాయి. వేసుకున్నవారు రోజంతా భుజం సర్దుకుంటూనే ఉండాలి.

చంక దగ్గర ఈ ఏకాభిప్రాయం చెదురుతుంది. వేసవి టాప్ కదా, చంక లోతు అంగుళమో రెండంగుళాలో దించితే గాలాడుతుందని డ్రాఫ్టింగ్ పద్ధతివారిలో చాలామంది అంటారు. చేయి దించి నిలబడినంతసేపు ఆ మాట నిజమే. చేయి పైకెత్తగానే తెలుస్తుంది: చంక ఎంత కిందికి దిగితే, చేయి ఎత్తినప్పుడు టాప్ మొత్తం అంత పైకి లేస్తుంది. బస్సులో పైకడ్డీ పట్టుకునేవారికి, దండెం మీద బట్టలు ఆరేసేవారికి ఇది వెంటనే అనుభవంలోకి వస్తుంది. మూల ప్యాటర్న్‌వారి జవాబు దీనికి తిరగబడినట్టుంటుంది. చంక లోతు అరంగుళానికి మించి దించకుండా, చేతి వెడల్పు పెంచాలంటారు. జుబ్బాలోని చదరపు ముక్క ఎప్పటి నుంచో చేస్తున్నదీ అదే. చంక దగ్గర గుడ్డ ఉంటుంది, చేయి ఎత్తినప్పుడు ఆ ముక్క తెరుచుకుంటుంది, టాప్ కదలదు. చేతులు లేని టాప్‌కైతే ఈ చర్చ అక్కర్లేదు. అక్కడ చంక పైకి ఉండటమే మేలు, లేకపోతే లోపలి బట్ట కనిపిస్తుంది.

ఊపు తెచ్చే దారులు

అన్నిటికన్నా తేలిక పక్క కుట్టును ఏటవాలుగా బయటికి జరిపే ఏ-లైన్. చంక నుంచి కింది అంచు దాకా స్కేలు పెట్టి, కింద రెండంగుళాలు బయటికి గీస్తే చాలు. నాలుగు పక్కలకూ కలిపి ఎనిమిదంగుళాల చుట్టు పెరుగుతుంది. ఆ మేరకు బాగానే ఉంటుంది. ఇంకా కావాలని పక్కనే నాలుగైదంగుళాలు పెంచితే మాత్రం గుడ్డంతా రెండు పక్కలకూ చేరి, ముందు భాగం చదునుగా ఉండిపోతుంది. నడిచేటప్పుడు పక్కలే ఊగుతాయి. రెడీమేడ్ కుర్తీల్లో ఇది తరచూ కనిపించే లోపం, ఎందుకంటే గుడ్డ ఆదా చేసే కటింగ్ ఇదే.

రెండో దారి కోసి విప్పడం. దీన్ని దగ్గరగా చూడటం అవసరం, తక్కిన పద్ధతులకు కూడా ఇదే పునాది. కాగితం మీది ముందు భాగంలో పక్క కుట్టు నుంచి ఛాతీ బిందువు వైపు వెళ్లే డాట్ ఉందనుకుందాం. కుట్టు దగ్గర దాని వెడల్పు ఒక అంగుళం, కుట్టు నుంచి ఛాతీ బిందువుకు దూరం ఐదు అంగుళాలు. బిందువు నుంచి కింది అంచుకు నిలువుగా ఒక గీత గీసి, అంచు వైపు నుంచి బిందువు దాకా కత్తిరించాలి. ఇప్పుడు డాట్‌ను మడిచి మూస్తే, కత్తిరించిన చోట కాగితం దానంతటదే తెరుచుకుంటుంది. బిందువు నుంచి అంచుకు పదిహేను అంగుళాలుంటే తెరుపు మూడంగుళాలు. డాట్ కనిపించదు, దానిలోని గుడ్డ కిందికి చేరి ఊపవుతుంది. ఛాతీ దగ్గర కొలత మారదు. ఒక ముక్క కూడా అదనంగా చేర్చకుండా ఇంత జరగడం ఈ పద్ధతి అందం.

దీనిలోని చిక్కు కూడా అక్కడే ఉంది. ముందు భాగంలో డాట్ ఉంది, వెనుక అలాంటిది లేదు. ముందు సగానికి మూడు చొప్పున ఆరంగుళాలు తెరుచుకుని వెనుక ఏమీ పెరగకపోతే, పక్క కుట్టు ముందు వెనుకల మధ్య నిటారుగా నిలవదు. ఛాతీ నిండుగా ఉన్నవారికి డాట్ వెడల్పెక్కువ, కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. వెనుక భాగాన్ని కూడా నిలువు గీతల వెంట కోసి, పైన అతుకు వదలకుండా, కింద అంతే మేర విప్పాలి. ఈ మెట్టు వదిలేసి పద్ధతిని నిందించేవారే ఎక్కువ. డాట్ అసలే లేని డ్రాఫ్టుతో పనిచేసేవారికి ఇంకో తిప్పలు. ఛాతీ మీద గుడ్డ ఎక్కి ముందు అంచు పైకి లేస్తుంది. ముందు పొడవు అరంగుళం నుంచి అంగుళం పెంచి, ఆ పెంపును పక్కకు వచ్చేసరికి సున్నా చేస్తూ గీయడం వాళ్ల విరుగుడు.

మూడోది యోక్ పెట్టి కుచ్చులు పట్టడం. ఫ్యాషన్ పుస్తకాలు పట్టించుకోని నైటీయే తెలుగునాట దీనికి అతిపెద్ద ఉదాహరణ. చిన్నపిల్లల గౌను రెండోది. ఛాతీకి పైన అడ్డంగా ప్యాటర్న్‌ను రెండు చేసి, పై ముక్కను అలాగే ఉంచి, కింది ముక్కను పైనా కిందా సమానంగా విప్పాలి. సన్న మల్ గుడ్డకు యోక్ వెడల్పుకు రెట్టింపు కుచ్చు నిండుగా పడుతుంది. కాస్త మందపాటి ఖాదీకి ఒకటిన్నర రెట్లు చాలు, అంతకు మించితే కుట్టు ఉబ్బి ఒళ్లు లావుగా కనిపిస్తుంది. డాట్ గుడ్డ కుచ్చుల్లో కలిసిపోతుంది. కింది అంచు నేరుగా ఉంటుంది, దాని విలువ తర్వాత తెలుస్తుంది.

నాలుగోది గుండ్రపు కటింగ్, మన దగ్గర అంబ్రెల్లా కట్. దీనికి చుట్టమైన క్రాస్ కటింగ్‌ను పారిస్‌లో మాదలెన్ వియొనే 1920ల్లో గొప్ప కళగా మార్చింది. గుడ్డను పోగుకు ఏటవాలుగా తిప్పి కోస్తే అది సాగి, ఒంటి మీద జారుతుంది. చూడటానికి ఇంతకన్నా బాగా ఊగే టాప్ ఉండదు. కాకపోతే క్రాస్ కటింగ్ ఒంటిని అంటిపెట్టుకునే గుణం కూడా ఇస్తుంది. మన జాకెట్టుకు క్రాస్ కటింగ్ వాడేది బిగుతు కోసమే కదా. వేసవి టాప్‌కు ఛాతీ భాగాన్ని కూడా క్రాస్‌లో కోయమనే సలహా ఈ చెమట ఊరికి పనికిరాదు.

లాల్చీ కటింగ్‌ను ఆధునిక టాప్‌కు మలచడం ఐదో దారి. 2016లో తిమో రిస్సానెన్, హాలీ మెక్విలన్ వ్యర్థం లేని కటింగ్ మీద తెచ్చిన పుస్తకం తర్వాత దీనికి కొత్త గౌరవం దక్కింది. మామూలు కటింగ్‌లో గుడ్డలో దాదాపు 15 శాతం ముక్కలుగా పోతుందని ఆ రంగంలో తరచూ చెప్పే లెక్క. చదరపు ముక్కల్లో ఆ నష్టం దాదాపు ఉండదు. భుజం వాలు లేకపోవడం వల్ల మెడ పక్కన గుడ్డ లేచి నిలబడుతుందన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే.

పన్నా, అంచు, బొమ్మ

పద్ధతులను కాగితం మీద పోల్చితే అంబ్రెల్లాకు ఎదురులేదు. గుడ్డ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఛాతీ దగ్గర 38 అంగుళాల చుట్టుకు, అక్కడి నుంచి 20 అంగుళాల పొడవుకు పూర్తి గుండ్రం కోయాలంటే లోపలి వ్యాసార్ధం ఆరు, మొత్తం వ్యాసార్ధం ఇరవై ఆరు, అడ్డం యాభై రెండు అంగుళాలు. 44 అంగుళాల పన్నాలో అది ఒక ముక్కగా పట్టదు. రెండు అర్ధచక్రాలుగా కోస్తే కింది భాగానికే రెండున్నర మీటర్లు దాటుతుంది. కింది చుట్టు మాత్రం 160 అంగుళాలకు పైమాటే. సగం గుండ్రమైతే 1.65 మీటర్లలో నూరంగుళాల చుట్టు వస్తుంది. అదే యోక్ కింద రెండు పన్నాలు కుచ్చు పడితే మీటరుకు కాస్త ఎక్కువ గుడ్డతో 88 అంగుళాల చుట్టు. పొదుపులో కుచ్చు ముందుంటుంది, ఊపులో గుండ్రం ముందుంటుంది, సగం గుండ్రం రెంటికీ నడుమ సర్దుకుంటుంది.

అంచు ఉన్న గుడ్డకు ఈ లెక్క కూడా అక్కర్లేదు. వెంకటగిరి చీరనో, జరీ అంచు నేతనో టాప్‌గా మార్చేటప్పుడు అంచు కింద రావాలని ఎవరైనా కోరుకుంటారు. అంచు నేరుగా నేసింది, వంపు తిరగదు. ఏ-లైన్, కోసి విప్పడం, అంబ్రెల్లా మూడింటిలోనూ కింది గీత వంపే. అంచును కత్తిరించి మళ్లీ వంపు మీద కుట్టబోతే ముడతలు పడతాయి. అలాంటి గుడ్డకు కుచ్చు గానీ, చదరపు కటింగ్ గానీ తప్ప మూడో దారి లేదు.

శ్రీకాళహస్తి కలంకారీది ఇంకో నియమం. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో కరక్కాయ, పాలతో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద చేత్తో గీస్తారు. బొమ్మకు తలా కాళ్లూ ఉంటాయి, కాబట్టి గుడ్డకు పైనా కిందా ఉంటాయి. పూర్తి గుండ్రంలో నడుమ నిలబడిన బొమ్మ పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి అడ్డంగా పడుకుంటుంది. సగం గుండ్రంలో సగానికి వాలుతుంది. కుచ్చులో ముఖమే మడతల్లో పోతుంది. బొమ్మల గుడ్డకు రెండు మూడంగుళాలకు మించని ఏ-లైనే తగినది. లేదా బొమ్మను చదునైన యోక్ మీద ఉంచి, కింద సాదా గుడ్డ వేయాలి. తీగలు, పూలు మాత్రమే ఉన్న గుడ్డకు ఈ కట్టుబాటు లేదు.

రేయాన్‌కూ నూలుకూ మధ్య తేడా గుడ్డ ఒంటి మీద పడే తీరులో ఉంది. రేయాన్ బరువుగా, నీళ్లలా కిందికి దిగుతుంది కాబట్టి గుండ్రంలోనూ, కోసి విప్పినదాంట్లోనూ మెరుస్తుంది. కొత్త నూలు గుడ్డ, ముఖ్యంగా గంజి ఉన్నది, ఒంటికి దూరంగా నిలబడుతుంది. దానికి అదే ప్యాటర్న్ వాడితే టాప్ గుడారమై కూర్చుంటుంది. కుచ్చుకూ చదరపు కటింగ్‌కూ మాత్రం నూలే బాగా లొంగుతుంది. కోసేముందు తడిపి ఆరబెట్టడం రెంటికీ తప్పనిసరి, రేయాన్‌కు మరీను.

వదులు నిజంగా చల్లనా?

వదులు బట్ట చల్లగా ఉంటుందన్నది అందరూ ఒప్పుకునే మాటే అయినా, ఎందుకన్న ప్రశ్నకు స్పష్టమైన ఆధారం 1980లో వచ్చింది. ఎడారి బెడూయిన్‌లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని శాస్త్రజ్ఞులు పరీక్షించి ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. నల్ల అంగీ ఎక్కువ వేడి పీల్చినా, ఆ అదనపు వేడి చర్మాన్ని చేరకముందే అంగీ లోపల కదిలే గాలితో పోతోందని తేలింది. ఆ లెక్కన చూస్తే గుడ్డకూ ఒంటికీ మధ్య ఖాళీ ఉండటం, ఆ గాలికి మెడ దగ్గరో కిందో దారి ఉండటం ముఖ్యం. రంగు తర్వాతి సంగతి.

ఈ ఫలితాన్ని ఎండిన ఎడారి నుంచి నేరుగా ఇక్కడికి తేలేం. చెమట ఆరడం గాలిలోని తేమ మీద ఆధారపడుతుంది, గుడ్డ గుణం మీద కూడా. సాధారణ తేమలో నూలు తన బరువులో సుమారు 8.5 శాతం, నార 12, రేయాన్ 13 శాతం తేమ పట్టుకుంటాయి. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. రేయాన్ నూలుకన్నా ఎక్కువ పీల్చినా తడిసినప్పుడు బరువెక్కి వీపుకు అంటుకుంటుంది. ఊపు కోసం రేయాన్ ఎంచుకుంటే మిట్టమధ్యాహ్నం గాలి ఖాళీ పోతుంది, ఖాళీ కోసం నూలు ఎంచుకుంటే ఊపు తగ్గుతుంది. కుచ్చు వేసిన సన్న మల్ రెండూ కొంతకొంత ఇస్తుంది. కాకపోతే లైనింగ్ వేస్తే ఆ లాభం సగం పోతుంది. లైనింగ్ పాలిస్టర్‌దైతే మొత్తం పోతుంది. ప్యాటర్న్ పుస్తకాలు లైనింగ్‌ను చివరి పేజీకి నెట్టేస్తాయి కానీ, వేసవి దుస్తులో దాని స్థానం మొదటి పేజీలోనే.

ఇంకా తేలనివి

ఛాతీ దగ్గర ఎంత వదులుండాలన్న దానిపై అంకె కుదరలేదు. రెండంగుళాలు ఉంటే అమరిక, ఆరు ఉంటే వదులు అని పుస్తకాలు స్థూలంగా చెబుతాయి. ఆ అంకెలన్నీ పరదేశపు సైజు చార్టుల మీద నిలబడినవి. భారతీయ సైజుల కోసం ఆరు నగరాల్లో 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పనిని నిఫ్ట్ చేపట్టింది. హైదరాబాద్ అందులో ఒకటి. సైజు చార్టు మారినా వదులు అంకె మారకపోవచ్చు, ఎందుకంటే అది ఒంటి కొలతకన్నా అలవాటుకు, మర్యాదకు, దుపట్టా ఉందా లేదా అన్నదానికి ముడిపడి ఉంది.

ఆది పద్ధతీ కాగితం పద్ధతీ కలవగలవా అన్నది రెండో చర్చ. కుదిరిన కుర్తీని ఆదిగా తీసుకుని, దాన్ని గుడ్డ మీద కాక కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని కోసి విప్పడం ఇద్దరికీ ఒప్పుదలైన నడిమి మార్గంలా ఉంది. ఆదిలో డాట్ ఉంటే దాని మడత వెడల్పు విడిగా కొలిచి కాగితంలో చేర్చాలి. లేకపోతే విప్పడానికి ఏమీ మిగలదు.

కింది మడత సంగతి మూడోది. గుండ్రపు కటింగ్‌లో నిలువు పోగుకూ అడ్డ పోగుకూ మధ్య ఏటవాలుగా పడిన చోట గుడ్డ సొంత బరువుకే సాగి కిందికి దిగుతుంది. ఒక రాత్రి హ్యాంగర్‌కు తగిలించి, మర్నాడు నేల నుంచి కొలిచి సరిచేశాకే మడత కుట్టాలని పుస్తకాలన్నీ అంటాయి. పండగ ముందు రోజు కుట్టి ఇవ్వాల్సిన దర్జీకి ఆ రాత్రి ఉండదు. కొందరు ఏటవాలు భాగాన్ని ముందే పావంగుళం, అరంగుళం తగ్గించి కోస్తారు. నేత నూలుకు ఆ అంచనా తరచూ సరిపోతుంది. రేయాన్‌లో మాత్రం థానుకూ థానుకూ సాగుదల మారుతుంది కాబట్టి, దానికి తగిలించి చూడటమే ఇప్పటికీ దారి.